కుట్టుపని – కాలక్షేపమా, కష్టార్జితమా?

(పింఛనుదార్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "మీ ఆడవాళ్ల కుట్లు, అల్లికల గురించి ఓ పది నిమిషాలు చెప్పండమ్మా, డి.ఏ. బకాయిల చర్చ తర్వాత సభకు కాస్త ఆటవిడుపుగా ఉంటుంది" అన్నారు. ఆయన అభిమానంతోనే అన్నారు. కాని నేను ఆటవిడుపు తేలేదు. బకాయిల మీద మీరెంత శ్రద్ధగా లెక్కలు వేస్తారో అంత శ్రద్ధగా వినవలసిన లెక్క ఒకటి తెచ్చాను. అది చెప్పేముందు మా బృందం సంగతి కొంత చెప్పుకోవాలి.

నేను బాలికల ఉన్నత పాఠశాలలో కుట్టు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ప్రభుత్వ పరీక్షల విభాగం వారి టైలరింగ్, ఎంబ్రాయిడరీ లోయరు గ్రేడు, హయ్యరు గ్రేడు ప్యాసై, వేసవిలో నలభై రెండు రోజుల టి.టి.సి. శిక్షణ కూడా పూర్తిచేస్తేగాని మాకు ఆ ఉద్యోగానికి అర్హత వచ్చేది కాదు. ఆ పరీక్షలకు నమూనా గుడ్డలు కుట్టి, కాగితాలకు అంటించి, రికార్డు పుస్తకం సమర్పించాలి. అంత చేసి ఉద్యోగంలో చేరితే, కుట్టు పీరియడంటే లెక్కల మాస్టారికి సిలబస్ మిగిలిపోయినప్పుడు అడిగి పుచ్చుకునే పీరియడని స్టాఫ్‌రూంలో హాస్యమాడేవారు. ఆ మాస్టార్లలో ఇద్దరు ఇప్పుడు ముందు వరుసలోనే కూర్చున్నారు!

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. అంతకుముందు ప్రతి చిన్న పనికీ కర్నూలు పరుగెత్తినవాళ్లం, ఆ తర్వాత ఇక్కడే కలుసుకోవడం మొదలైంది. హాల్లో మగవాళ్లు మెమోలు, జీవోలు చదువుకుంటూంటే, వెంట వచ్చిన మేము వెనక గదిలో కూర్చునేవాళ్లం. ఒకావిడ సంచిలోంచి రింగు తీసి మనవరాలి గౌనుకు పువ్వు కుట్టుకునేది. పక్కావిడ ఆ పువ్వు ఎలా కుట్టావని అడిగింది. అంతే, మా బృందం అలా పుట్టింది. ఇప్పుడు మేం ఇరవై రెండు మందిమి. రిటైరైన టీచర్లున్నారు, ఒక నర్సమ్మ ఉంది, పింఛనుదార్ల భార్యలున్నారు, కుటుంబ పింఛను తీసుకునే అక్కచెల్లెళ్లున్నారు. సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసిన అన్నయ్యగారు ఒకరే మగవారు. నెలలో మొదటి శనివారం నంద్యాలలో, మూడో శనివారం ఆళ్లగడ్డలో కూర్చుంటాం. మధ్యలో సిరివెళ్ల మీదుగా నలభై కిలోమీటర్ల దారి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక ఆ దారి ఇంకా దగ్గరైంది. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టిక్కెట్టు చేతిలో పెడుతున్నాడు.

అరవై దాటినవాళ్లు సూది పట్టడమంటే ఇరవై ఏళ్ల పిల్లలకు నేర్పినట్టు కాదు. కంటికి శుక్లాలు, మోకాలికి నొప్పులు, వేలికి తిమ్మిరి. నర్సమ్మ మొదటిరోజే ఒక మాట చెప్పింది. చక్కెర జబ్బున్నవాళ్లకు వేలి కొసలో స్పర్శ తగ్గుతుంది, సూది గుచ్చుకున్నా తెలియదు, చిన్న పోటే పుండవుతుంది, కాబట్టి వేలికి అంగుస్తానా లేకుండా ఎవరూ సూది పట్టవద్దని. సూది నంబరు పెరిగేకొద్దీ సన్నమవుతుందని చాలామందికి తెలియదు. పెద్ద నంబరైతే పెద్ద సూది అనుకుని పది నంబరు కొనుక్కుని దారం ఎక్కక అవస్థపడేవారు. మాకు ఏడు, ఎనిమిది నంబర్లు సరిపోతాయి. దారం మూరెడుకు మించి తీయకూడదు. లాగగా లాగగా గుడ్డలో ఒరుసుకుని నూగు లేస్తుంది, ముడి పడుతుంది. యాంకర్ దారం లడి ఎనిమిది మీటర్లు, అందులో ఆరు పోగులుంటాయి. ఆరూ కలిపి కుట్టకుండా రెండో మూడో విడదీసుకుంటే పని సన్నగా వస్తుంది, లడీ రెండింతలు, మూడింతలు సాగుతుంది. పింఛనుదార్లకు పొదుపు ఒకరు నేర్పాలా!

డిజైను దించడం మా అన్నయ్యగారి శాఖ. పొలం పటాలు గీసిన చెయ్యి, ఒక్క గీత వంకర పోదు. చిన్న బొమ్మ మీద గళ్లు గీసి, పెద్ద కాగితం మీద అన్నే పెద్ద గళ్లు గీసి, గడికి గడి చూసుకుంటూ బొమ్మను పెంచుతారు. దాన్ని బటర్ పేపరు మీదికి దించి, గీత వెంబడి సూదితో సన్నని బెజ్జాలు పొడుస్తాం. ఆ కాగితాన్ని గుడ్డ మీద పరిచి, కిరసనాయిలులో కలిపిన నీలిమందు పొడిని దూదితో రుద్దితే చుక్కలు చుక్కలుగా బొమ్మ కిందికి దిగుతుంది. నల్ల గుడ్డయితే తెల్లపొడి. కార్బన్ పేపరు కంటే ఇది మేలు, ఒకే కాగితం ఏళ్ల తరబడి పనికొస్తుంది.

మగ్గం పని నేర్పడానికి పట్నంలో షాపుకు పనిచేసే కుర్రవాడొకడు నెలరోజులు వచ్చాడు. మగ్గమంటే నేత మగ్గం కాదు, గుడ్డను అలా నాలుగు పక్కలా కర్ర చట్రానికి బిగిస్తారు కనుక ఆ పేరు. సూది కొసన చిన్న కొక్కెం ఉంటుంది. కుడిచేయి పైన సూది నడుపుతుంటే ఎడమచేయి గుడ్డ కింద దారం అందిస్తుంది. కంటికి కనబడని చెయ్యే సగం పని చేస్తుందన్నమాట. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోవడం మాచేత కాదంటే, చట్రాన్ని రెండు బెంచీల మీదికి ఎత్తి, కుర్చీలు వేయించి, "ఇప్పుడు కుట్టండి పెద్దమ్మా" అన్నాడు. వాడి వయసు మా మనవళ్లంత. రోజుకు పది గంటలు కూర్చుంటాడట. వాడిని మరిచిపోకండి, నా లెక్కలో వాడు మళ్లీ వస్తాడు.

ఇక ఆళ్లగడ్డ. ఆ ఊరు పేరు చెబితే శిల్పాలు గుర్తొస్తాయి. అహోబిలం గుడి పనికి వచ్చిన శిల్పుల వంశాలే అక్కడ స్థిరపడ్డాయని చెప్పుకుంటారు. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. మా బృందంలో ఒకావిడ ఇంటి పక్కన ఒక శిల్పిగారున్నారు. మేం మహానంది నందిని గోడగుడ్డ మీద కుట్టాలనుకున్నాం. బొమ్మ ఎంత దించినా నంది ఒక పక్కకు ఒరిగినట్టే ఉంది. ఆయన్ను పిలిచి చూపించాం. ఆయన చేసిన మొదటి పని, గుడ్డను నిలువునా సగానికి మడిచి గోటితో గీత లాగడం. "ఇది బ్రహ్మసూత్రమమ్మా, మేం రాయి మీద ముందు ఇదే వేస్తాం, తక్కినవన్నీ దీన్నుంచి కొలుచుకుంటాం" అన్నారు. నవతాళ విగ్రహమంటే ముఖానికి తొమ్మిదింతలు ఎత్తు, ముఖానికి పన్నెండు అంగుళాల లెక్కన మొత్తం 108 అంగుళాలు. శాస్త్రంలోని ఆ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, విగ్రహాన్నిబట్టి మారే కొలత. ఇదంతా ఆయన వరండాలో నిలబడి పది నిమిషాల్లో చెప్పారు. నాకు గ్రేడు పరీక్షల పుస్తకాల్లో ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. అప్పటినుంచి గుడ్డను ముందు సగానికి, తర్వాత పావుకు మడిచి, ఆ మడతల వెంబడి కచ్చా కుట్టు వేసుకున్నాకే డిజైను పెడుతున్నాం. ఆయన పోతూ పోతూ, "మీకేమమ్మా, తప్పుపోతే దారం విప్పుకుంటారు. మాకు ఉలి ఒక్కసారి ఎక్కువ దిగితే రాయి మళ్లీ రాదు" అన్నారు.

దానికి జవాబు చెప్పింది మా అవ్వ. "ఇప్పితే సరిపోతాదా అయ్యా? రెండుసార్లు ఇప్పితే గుడ్డ జల్లెడైపోతాది."

ఈ అవ్వ గురించి చెప్పడానికే నేనింతదూరం వచ్చాను. ఆమెది సుగాలీ తాండా. భర్త అటవీశాఖలో వాచరుగా చేసి పోయాడు. కుటుంబ పింఛను వస్తుంది. మూడేళ్ల కిందట జీవన ప్రమాణ పత్రం కోసం వచ్చింది. వేళ్ల గీతలు అరిగిపోయి యంత్రం ముద్ర పట్టుకోలేదు. కుర్రవాళ్లెవరో ఫోనులో ముఖం చూపించి పని పూర్తిచేసేదాకా మా గదిలో కూర్చుంది. మావాళ్లలో ఒకావిడ మాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టుతో నెమలిని కుట్టి అందరికీ చూపిస్తోంది. అవ్వ కూడా చేతిలోకి తీసుకుంది. తీసుకుని ముందువైపు చూడలేదు, వెనక్కి తిప్పింది. "ముందర బాగుండాది టీచరమ్మా, ఎనక సూస్తే కోడి కెలికినట్టుండాది" అంది. గదిలో నవ్వులే నవ్వులు. నెమలి ఆవిడ మాత్రం నవ్వలేదు.

మరుసటి నెల అవ్వ ఒక పాత కాంచళి తెచ్చింది. అద్దాలు, గవ్వలు, అంచున ముగ్గు గళ్లలా తిరిగే కుట్టు. వెనక్కి తిప్పాను. ముందెలా ఉందో వెనకా ఇంచుమించు అంత శుభ్రంగా ఉంది. కాగితం లేదు, నీలిమందు లేదు, గీత లేదు. గుడ్డలోని పోగులు లెక్కపెట్టుకుంటూ పోతుంది. అద్దానికి బెజ్జం ఉండదు కదా, దానిమీద దారాలు అడ్డంగా, నిలువుగా పట్టీలు కట్టి, ఆ పట్టీలను చుట్టూ అల్లుకుంటూ వస్తుంది. మూల తిరిగేచోట అంచు ఎలా కలిసిందని అడిగితే, "నడిమి నుంచి మొదులుపెట్టాల, కొన నుంచి పెడితే కొనకు కలవదు" అంది. శిల్పిగారు చెప్పిందీ అదే. ఆయన ఆమెకు చెప్పలేదు, ఆమె ఆయన్ను చూడనే లేదు అప్పటికి.

మన పొరుగున కర్ణాటకలోని సండూరులో ఈ లంబాడీ కుట్టుకు పేరున్న కేంద్రముంది. అక్కడివాళ్లు పద్నాలుగు రకాల కుట్లకు పేర్లు చెబుతారు: కిలన్, వేలే, మాకీ, రేలో, జోల్యా, నాక్రా ఇలాగ. 2023 జూలైలో హంపిలో జి-20 సమావేశం జరిగినప్పుడు, 450 మందికి పైగా ఆడవాళ్లు కుట్టిన 1,755 వస్తువులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. మా అవ్వ తాండాలో మాత్రం మనవరాళ్లు మిషను కుట్టు బట్టలు కొనుక్కుంటున్నారు. కాంచళి కుట్టగలిగినవాళ్లు ఆమెతో కలిపి ముగ్గురో నలుగురో. అందుకని మేమొక రికార్డు పెట్టాం, నా పరీక్షల నాటి రికార్డులాగే. పేజీకి ఒక నమూనా గుడ్డ, పక్కన మన తెలుగు పేరు, గోర్‌బోలిలో అవ్వ చెప్పిన పేరు, నేర్పినవారెవరు, తేదీ. పేర్లు రాసేది అవ్వ మనవరాలే. డిగ్రీ చదువుతోంది. మొదట మొహమాటపడింది, ఇప్పుడు అవ్వ పలికిన మాటను మేం తప్పు రాస్తే ఊరుకోవడం లేదు.

నాలుగో పేజీ రాస్తుండగా అవ్వ అడిగింది. "పేరు రాసినావు, ఊరు రాసినావు. ఎంతసేపు కుట్టినానో రాయవేంటికి?" ఆ ప్రశ్న నా రికార్డు పుస్తకాల్లో లేదు. అప్పుడు ఇంకో గడి గీశాం, పట్టిన సమయం అని. ఆ గడే మా బృందాన్ని మార్చింది.

గత ఏడాది ఒక బట్టల షాపువారు, ఊరు, పేరు చెప్పను, మా పని చూసి ముచ్చటపడి పన్నెండు పెళ్లి జాకెట్లకు ఆర్డరిచ్చారు. మగ్గం పని, చేతులకు అద్దాల అంచు. జాకెట్టుకు 1,200 రూపాయలు, దారాలు, పూసలు, అద్దాలు మావే. అందరం సంబరపడ్డాం. మచ్చుకు ఒకటి ముగ్గురు కలిసి కుట్టారు. గడిలో రాసిన సమయం కూడితే 46 గంటలు. సామాను ఖర్చు 380 రూపాయలు. మిగిలినది 820. లెక్కల మాస్టార్లు ఇక్కడే ఉన్నారు, భాగించి చూడండి. గంటకు పద్దెనిమిది రూపాయలు కూడా పడలేదు. ఎనిమిది గంటల రోజుకు 143 రూపాయలు. 2025-26కు ఉపాధి హామీ పనిలో మన రాష్ట్రానికి ప్రకటించిన దినకూలి 307. కాలువలో మట్టి తీస్తే వచ్చేదానిలో సగం కూడా లేదు. అలాంటి జాకెట్టే ఆ షాపు అద్దాల బీరువాలో నాలుగు వేలకు వేలాడుతోంది.

ఆ శనివారం మా గదిలో జరిగినంత వాదన ఈ హాల్లో పి.ఆర్.సి. మీద కూడా జరిగి ఉండదు. ఒక అక్కయ్య అంది, "మనకు పింఛనుంది, డబ్బు కోసమా కుడుతున్నాం? ఇంట్లో ఊరికే కూర్చునే బదులు కాలక్షేపం, వచ్చిందే లాభం" అని. సగంమంది ఔనన్నారు. అప్పుడు నాకు మగ్గం నేర్పిన కుర్రవాడు గుర్తొచ్చాడు. మనకు పింఛనుంది కాబట్టి గంటకు పద్దెనిమిదికి కుడతాం. రేపు ఆ షాపాయన వాడితో ఏమంటాడు? "పెద్దమ్మలు పద్దెనిమిదికి కుడుతున్నారు, నీకెందుకు ఎక్కువ?" అంటాడు. వాడికి పింఛను లేదు. వాడికి సూదే జీతం, సూదే పింఛను.

ఇది నేను ఊహించి చెబుతున్న మాట కాదు. మన రాష్ట్రంలో నరసాపురం లేసు ఉంది. 1844లో మెక్రే దంపతులనే మిషనరీలు అక్కడి ఆడవాళ్లకు నేర్పారు. ఆ అల్లికలు దేశదేశాలకు వెళ్లాయి. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే పరిశోధకురాలు ఆ ఊళ్లలో ఉండి చూసి 1982లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆమె తేల్చిన సంగతేమిటంటే, ఆ ఆడవాళ్లు రోజుకు ఆరు, ఎనిమిది గంటలు అల్లుతున్నా, అందరూ దాన్ని గృహిణులు తీరికవేళ చేసుకునే పనిగానే చూశారు, వాళ్లకు ముట్టింది పొలం కూలి కంటే చాలా తక్కువ. తీరిక అన్న ఒక్క మాటతో కూలి పడిపోయింది. పనికి పెట్టిన పేరే దాని ధరను నిర్ణయించింది.

పెద్దలారా, డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటున్నాం? 1982లో ఈ తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవారికి ఒక న్యాయం, తర్వాతివారికి ఒక న్యాయం చెల్లదంది. పింఛను దయాధర్మం కాదు, చేసిన సేవకు తర్వాత అందే ప్రతిఫలమని తేల్చింది. ఈ సంగతి మన సంఘంలో ప్రతి సభ్యునికీ కంఠతా వచ్చు. అదే నోటితో ఇంటికెళ్లి, పక్కన కూర్చుని కుట్టే మనిషిని "నీ కాలక్షేపం అయిందా?" అని అడగడం ఎలా కుదురుతుందో నాకు అర్థం కాదు.

మేం షాపు ఆర్డరు వదులుకున్నాం. గంటకు అరవై రూపాయలకు తగ్గకూడదని తీర్మానించుకున్నాం. ఆ లెక్కన జాకెట్టు సామానుతో కలిపి 3,140 అవుతుంది. ఏడాదిలో ఏడు కుట్టాం, అన్నీ తెలిసినవాళ్ల ఇళ్లకే. పన్నెండు పోయి ఏడు వచ్చాయి, అదీ ఏడాదికి. దీన్ని విజయమని మీకు చెప్పబోను. పైగా ఒక చెల్లెలు మా తీర్మానం తనకు సరిపడదంది. ఆమెది కుటుంబ పింఛను. పెంచిన రేటు గడువు తీరి ముప్పై శాతానికి వచ్చింది, కూతురి చదువు ఇంకా మిగిలే ఉంది. "అక్కా, మీరు గౌరవం చూసుకుంటారు, నేను ఫీజు చూసుకోవాల" అంది. షాపువారికి సొంతంగా కుడుతోంది. ఆమెను తప్పుపట్టే అర్హత మాలో ఎవరికీ లేదు. ఇప్పటికీ మొదటి శనివారం వచ్చి, షాపు పని తెచ్చుకుని మా పక్కనే కూర్చుని కుట్టుకుంటుంది. అవ్వ ఆమె గుడ్డను కూడా వెనక్కి తిప్పి చూస్తుంది. మా రేటూ, ఆమె అవసరమూ రెండూ నిలిచే దారి మాకింకా దొరకలేదు. నెలనెలా అదే మాట్లాడుకుంటున్నాం.

సంఘానికి మా విన్నపాలు మూడు. వార్షిక నివేదికలో మా పని "మహిళల కాలక్షేప కార్యక్రమాలు" అన్న శీర్షిక కింద అచ్చవుతోంది. వచ్చే ఏడాది "చేతిపని విభాగం" అని వేయించండి, అక్షరాలు కూడా తక్కువే, అచ్చు ఖర్చు కలిసొస్తుంది. రెండోది, వెనక గదిలో ట్యూబులైటు మా తలల వెనక ఉంది, మా నీడ మా గుడ్డ మీదే పడుతోంది. దాన్ని ముందువైపుకు మార్పించండి. మూడోది, మీ ఇళ్లలో పెళ్లికి జాకెట్టు కుట్టమని వచ్చినప్పుడు బేరమాడండి, తప్పులేదు. కాని ముందు రికార్డులో సమయం గడి చూసి, తర్వాత ఆడండి.

వచ్చే శనివారం ఆళ్లగడ్డలో కూర్చుంటున్నాం. అవ్వ అద్దం కట్టడం మొదటినుంచి నేర్పుతుంది. కొత్తగా రాదలచినవారు ఎనిమిది నంబరు సూది, ఆరంగుళాల రింగు, మూరెడు మాటీ గుడ్డ, ఎరుపు, పసుపు దారపు లడులు తెచ్చుకోండి. ఎరుపు దారాన్ని ముందే తడిపి తెల్లగుడ్డ మీద అద్ది చూడండి, రంగు దిగితే వద్దు. కళ్లజోడు మరువకండి. మగవాళ్లూ రావచ్చు, అన్నయ్యగారికి తోడుంటుంది. నంద్యాల నుంచి వచ్చేవారు ఉదయం తొమ్మిదికల్లా బస్టాండులో కలుసుకుంటారు.